మేడమ్‌కి కావలసిన జోరీగలు

మా బావ లిఫ్ట్ నడుపుతాడు. పాత ఆఫీసు భవనం, పాత లిఫ్ట్. ఇనుప జాలీ తలుపు చేత్తో లాగి మూస్తే తప్ప కదలదు. అందుకే దానికొక మనిషి, ఆ మనిషికొక స్టూలు. కూర్చుంటే మోకాళ్ళు ఎదుటి రేకుకి తగులుతాయి. ఎక్కినవాళ్ళంతా ఆయన తల మీదుగా మాట్లాడుకుంటారు. "జీవితంలో ఎక్కడిదాకా వెళ్ళావు బావా?" అని ఒకసారి అడిగితే, "ఆరో అంతస్తు. అక్కణ్ణుంచి మళ్ళీ కిందికి," అన్నాడు. నవ్వలేదు.

చదువు మధ్యలో మానేసి నేను వాళ్ళింట్లోనే పడి ఉన్నాను కాబట్టి మిగతాది కూడా చూశాను. రెండు గదులు. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ చేతికి అందుతుంది. ఆ కిటికీ దగ్గర, దోమతెర గుడ్డ బిగించిన చెక్కపెట్టెలో గొల్లభామ. కొందరు మామూలు పచ్చమిడతని కూడా గొల్లభామ అనేస్తారు. అది కాదు. ఇది ముందరి కాళ్ళు రెండూ దణ్ణం పెడుతున్నట్టు మడుచుకుని, తల తిప్పి మనిషి మొహంలోకి చూస్తుంది. బావ దాన్ని "మేడమ్" అంటాడు. పగలంతా నోట్లో నానే మాట అదే కదా, ఇంటికొచ్చినా వదల్లేదు.

ఆ పెట్టెలో ఏళ్ళుగా ఒకే వంశం సాగింది. గుడ్ల నుంచి పిల్లలు, పిల్లల నుంచి మళ్ళీ గుడ్లు. ఈసారి మిగిలింది మేడమ్ ఒక్కతే. జత కలిపిన రోజే మొగదాన్ని నమిలి మింగింది. "ఆ ఒక్క విషయంలో నాకు నచ్చింది," అంది అక్క. ఇక కడుపునిండా తింటేనే గుడ్లు పెడుతుంది. పెట్టకుండా చచ్చిందా, బావ పెంపకం అంతటితో సరి.

తిండి దగ్గరే చిక్కు వచ్చింది. బొద్దింకని వేస్తే అది కాగితం కిందికి దూరింది, మేడమ్ దిగి వెతికే రకం కాదు. చిన్న ఈగల్ని కన్నెత్తి చూడదు. ఎదురుగా పెద్దదేదో రెక్కలాడిస్తూ ఎగరాలి, అప్పుడే ఆ కాళ్ళు విచ్చుకుంటాయి. బావ తూనీగల వెంట పడ్డాడు, దొరకలేదు. కందిరీగని పట్టబోతే బొటనవేలు వాచింది. వీధిదీపాలు మార్చినప్పట్నుంచి వాటి చుట్టూ తిరిగే పెద్ద రెక్కల పురుగులూ రావడం లేదు.

"ఇంట్లో ఈగలు లేవని ఏడ్చే మగాణ్ణి నిన్నే చూశానయ్యా," అనేది అక్క.

"ఇల్లు అంత శుభ్రంగా ఉంచమని నిన్నెవరన్నారు?"

ఆఫీసు వెనక క్యాంటీన్ ఉంది. ఎంగిలి పారేసే డ్రమ్ము చుట్టూ నీలంగా మెరిసే జోరీగలు తిరుగుతాయని ఊడ్చే మనిషి చెప్పాడు. అడక్కుండా పట్టుకోవడం మర్యాద కాదనుకున్నాడు బావ. క్యాంటీన్ ఆయన టీ ట్రేతో లిఫ్ట్ ఎక్కినప్పుడే అడిగాడు. లిఫ్ట్ నిండా జనం.

"అన్నా, మీ క్యాంటీన్లో జోరీగలు బాగా ఉన్నాయటగా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ట్రేలోని కప్పుల్లోకి తొంగి చూశారు. క్యాంటీన్ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు," అన్నాడు బావ, మెచ్చుకుంటున్నట్టు. "రేపు పొద్దున వచ్చి చూస్తా."

మర్నాడు వెళ్ళాడు. డ్రమ్ము పక్కన గోడ మీద జోరీగలు కదలకుండా కూర్చుని ఉన్నాయి. ప్లాస్టిక్ సీసా బోర్లిస్తే చాలు, దొరికాయి. చలికి బద్ధకించాయనుకున్నాడు. మధ్యాహ్నం అక్క క్యారేజీ తెస్తే, సాయంత్రందాకా ఆగలేక సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"నేను ముట్టుకోను."

"ముట్టుకోనక్కర్లేదు. పెట్టె మూత కొంచెం ఎత్తి సీసా మూతి లోపల పెట్టు. అవే ఎగురుతాయి."

"కరుస్తుందా?"

"నిన్నా? నిన్ను చూసి అదే భయపడాలి."

ఇన్నేళ్ళలో అక్క ఆ పెట్టెలో తిండి పెట్టబోవడం అదే మొదలు.

ఆమె వెళ్ళిన కాసేపటికి కరెంటు పోయింది. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్ట్ ఆగింది. లోపల బావ, ట్రేతో క్యాంటీన్ ఆయన. జాలీకి అవతల సిమెంటు గోడ. అక్కడ జరిగింది బావ తర్వాత నాకొక్కడికే చెప్పాడు.

"బావుంది," అన్నాడట క్యాంటీన్ ఆయన. "పరువు తీసినవాడితోనే ఇరుక్కోవాలా?"

"పరువేంటన్నా?"

"పదిమందిలో జోరీగలన్నావు. వచ్చి చూస్తానన్నావు. నువ్వు ఆఫీసరువి ఎప్పుడయ్యావయ్యా? వెళ్ళి చూసుకో. నిన్న సాయంత్రమే మందు కొట్టించా. డ్రమ్ము, గోడ, మొత్తం. ఒక్కటి బతికితే చెవి కోసిస్తా."

బావ స్టూలు మీంచి లేచాడు. లేచి నిలబడటానికే తప్ప అడుగు వేయడానికి చోటు లేదు. డ్యూటీలో ఫోను కింద సెక్యూరిటీ దగ్గర పెట్టాలని రూలు.

"నీ ఫోనుందా అన్నా?"

"టీ ఇవ్వడానికి ఫోనెందుకు?"

బావ జాలీ పట్టుకుని ఊపాడు, అరిచాడు. పైనుంచి ఎవరో "జెనరేటర్లో డీజిల్ లేదంట, ఆగండి," అన్నారు.

"ఏంటంత కంగారు?" అన్నాడు క్యాంటీన్ ఆయన. బావ మొత్తం చెప్పాడు. మేడమ్, గుడ్లు, సీసా, అక్క.

"అంటే నువ్వడిగింది తినిపించడానికా?"

"మరెందుకనుకున్నావు?"

"ఆ ముక్క నిన్ననే ఏడవొచ్చుగా. డ్రమ్ము డ్రమ్మే ఇచ్చేవాణ్ణి." ట్రేలోంచి ఒక కప్పు తీసి అందించాడు. బావ తీసుకోలేదు. "ఇల్లెంత దూరం?"

"దగ్గరే."

ఇద్దరూ గోడ వంక చూస్తూ నిలబడ్డారు.

ఆ సమయానికి నేను ఇంట్లోనే ఉన్నాను. అక్క మొహం పక్కకి తిప్పుకుని సీసా మూతి లోపల పెట్టింది. ఒక జోరీగ బరువుగా ఎగిరింది. మేడమ్ తల తిరిగింది. కాళ్ళు విచ్చుకోవడం కనబడలేదు, మూసుకోవడమే కనబడింది. అక్క నా చెయ్యి గిల్లి "చూశావట్రా, చూశావట్రా" అంది.

కరెంటొచ్చాక బావ ఫోను చేశాడు. ఆయన నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "రెండు తినిందయ్యా. రెక్కలు ఒలిచి పారేసింది. తిన్నాక చేతులు నాక్కుని శుభ్రం చేసుకుంది తెలుసా? మా తమ్ముడి కంటే నయం."

 "మంచిపని చేశావు. మిగతావి పారెయ్," అన్నాడు.

"ఎందుకు?"

"ఎక్కువ తినకూడదు."

సాయంత్రానికి మేడమ్ కాళ్ళు వణికాయి. తెరని పట్టుకోలేక జారి, వెల్లకిలా పడి, ఇక లేవలేదు.

"నేను పెట్టడంలో ఏమన్నా తేడా వచ్చిందా?" అని అడిగింది అక్క.

"లేదు. దానికి వయసైపోయింది."

"మరి కడుపులో గుడ్లు?"

బావ దాన్ని కాగితంలో చుట్టి బయటికి తీసుకెళ్ళాడు.

అక్క ఆ పెట్టె పారేస్తుందనుకున్నాను. తుడిచి అక్కడే పెట్టింది. "ఇంకోటి ఎక్కణ్ణుంచైనా తేవయ్యా. ఈసారి తిండి నేనే పెడతా. ఆ క్యాంటీన్ జోరీగలే తేవాలి, ఎంత ఇష్టంగా తినిందో. నీకు మొహమాటమైతే నేనే వచ్చి ఆయన్ని అడుగుతా."

మర్నాడు బావ తొందరగా బయల్దేరాడు. క్యాంటీన్ తలుపులు ఇంకా సగమే తెరిచి ఉన్నాయట.

"అన్నా, మా ఆవిడ వచ్చి జోరీగలడిగితే మందు సంగతి చెప్పకు."

"మరేం చెప్పమంటావు?"

"మీ దగ్గర ఎప్పుడూ లేవని చెప్పు."

"నమ్ముతుందా?"

"నమ్మకపోతే మళ్ళీ చెప్పు," అని బావ డ్యూటీకి వెళ్ళాడు. అప్పటికే లిఫ్ట్ దగ్గర జనం నిలబడి ఉన్నారు.