మూడెండల గింజ

మా మామగారి పళ్ళు అరిగిపోయాయని నాకు జామకాయ వల్ల తెలిసింది. కాయలు కోసి పళ్ళెంలో పెడితే అందరం తింటున్నాం, ఆయన మాత్రం ముక్కని కాసేపు చప్పరించి పళ్ళెం అంచున పెట్టేశారు. నోరు తెరవమన్నాను. కోడలు మామగారిని నోరు తెరవమనడం మా అత్తగారికి నచ్చలేదు. ఆవిడ చేసేవాటిలో నాకు నచ్చనివీ చాలా ఉన్నాయి కాబట్టి నేను ఆగలేదు. దవడ పళ్ళన్నీ చిగుళ్ళకి కాస్త పైదాకా అరిగి, తిరగలి రాయిలా నున్నగా ఉన్నాయి. కుడివైపు కింద ఒక పంటి నడుమ చిన్న గుంట ఉంది. సరిగ్గా ఒక వడ్లగింజ పడుకునేంత గుంట.

ఆయన పనే అది. మేము బెజవాడలో ఉన్నా, ఆయన రోజూ బస్సెక్కి కంకిపాడు దగ్గర ఒక రైసుమిల్లుకి వెళ్ళి ధాన్యం ఎంచేవారు. బస్తాలోంచి గుప్పెడు తీసి, ఒక గింజ ఆ పంటి కింద పెట్టి కొరికి, ఇంకో ఎండ, అంటే ఇంకో రోజు ఆరబెట్టడం, కావాలనో, ఆడించుకోవచ్చనో చెప్పేవారు. పచ్చిగా ఉన్నది నిలవ చేస్తే వేడెక్కి రంగు మారుతుంది. మరీ ఎండింది మరలో పడితే సగం నూకే. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నటి గీత నలభై ఏళ్ళుగా ఆయన నోట్లో ఉంది.

ఆ ఏడు దాళ్వా పంటలో ఆయన సరేనన్న ధాన్యం రెండుసార్లు గోదాములో వేడెక్కి పసుపు రంగుకి తిరిగింది. మిల్లు యజమాని పల్లెత్తు మాట అనలేదు. మూడోసారి మాత్రం, ఆయన కొరికి చెప్పాక, అదే బస్తాలోంచి గుమాస్తా చేత కూడా ఒక గింజ కొరికించాడు. ఈ సంగతి మామగారు మా అత్తగారికి చెప్పుకుంటుంటే విన్నాను. తిట్టినా బాగుండేదన్నారు.

గవర్నర్‌పేటలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంటే, మామగారిని తీసుకెళ్ళాను. మద్రాసులో చదివొచ్చిన క్రైస్తవుల అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నది. నోరంతా చూసి, నిద్రలో పళ్ళు కొరుకుతారా అని ఆయన్ని అడిగింది.

"పగలే కొరుకుతారండీ. ధాన్యం," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు, ఒక గింజ చూపించమంది. నాకు వెంటనే నచ్చింది. ఒక పన్ను బాగు చేస్తే చాలదట. పళ్ళు అరిగినకొద్దీ దవడలు దగ్గరై ముఖం కుంగిపోయిందట. అన్నిటికీ తొడుగులు వేసి, మొత్తం నోటిని ఒకే ఎత్తుకి లేపాలంది. మామగారు ఒకటే అడిగారు, ఆ గుంట పన్ను ఒక్కటీ వదిలేయమని. మిగతావన్నీ లేచాక అది పై పంటికి అందదనీ, ఉన్నా లేనట్టేననీ డాక్టరమ్మ చెప్పింది. అయితే అసలు వద్దన్నారాయన.

ఇంటికొచ్చేదాకా రిక్షాలో వాదించాను. "ఎంచేది మీరా, మీ పన్నా మావయ్యగారూ? పంటికే అంత తెలివుంటే పోయినేడు ఊడిన దాన్ని మిల్లులో కూర్చోబెట్టి మీరు ఇంట్లో ఉండాల్సింది."

మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "చదువుకున్నదానివి. నీ మాట మీద నోరు తెరుస్తున్నానమ్మాయ్," అన్నారు. బియ్యస్సీ చదివినందుకు నాకు ఎవరూ ఇంత విలువ ఇవ్వలేదు.

మూడు నెలలు పట్టింది, మిల్లులో పని లేని రోజులే. ప్రతిసారీ నేనూ వెళ్ళేదాన్ని, తోడుకని చెప్పేదాన్ని కానీ నిజానికి చూడాలని. కరెంటు పోతే డాక్టరమ్మ కుట్టుమిషనులా కాలితో తొక్కే మర తీసేది. మెత్తటి ముద్ద కరిపించి అచ్చు తీసి, సున్నపుముద్దలాంటిది పోసి, పై దవడా కింది దవడా బొమ్మలు చేసి, తలుపు బందులా కదిలే ఇనపచట్రానికి బిగించింది. మా మామగారి నోరు ఆయన లేకుండా బల్ల మీద తెరుచుకుని మూసుకుంటుంటే, ఎవర్ని ఏమంటుందోనని చూస్తూ కూర్చున్నాను. కొత్త ఎత్తు దవడకి సరిపడిందో లేదో చూడ్డానికి కొన్ని వారాలు ఉత్తుత్తి తొడుగులు పెట్టింది. తర్వాత అసలువి. నీలం కాగితం కరవమని, ఎక్కడ మరక పడితే అక్కడ కొంచెం అరగదీసేది. "ఇంత కష్టపడి అరిగినవాటిని పెంచి, మళ్ళీ అరగదీస్తావేంటమ్మా?" అన్నారాయన. ఆ మాటకి నవ్వింది.

ఆఖరి రోజు ఆసుపత్రి మెట్లు దిగగానే మామగారు కండువా కొసన ముడివేసుకున్న గింజలు తీసి ఒకటి కొరికారు. ఇంకొకటి. ఇంకొకటి.

"అన్నీ ఒకటేలా ఉన్నాయి. రాళ్ళు," అన్నారు.

ముఖం నిండి పదేళ్ళు చిన్నవారిలా కనిపించారు. జామకాయలు కరకరా నమిలారు. మిల్లుకి మాత్రం వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపించారు. ఆయన నన్ను తప్పుపట్టలేదు గానీ, ఆ ఇంట్లో నా నోరు కొన్నాళ్ళు మూతపడింది.

డాక్టరమ్మని అడిగితే, కొరికినప్పుడు స్పర్శ తెలిసేది పంటి పైన కాదు, వేరు కూర్చున్న చోట అంది. పంటి వేళ్ళు ఆయనవే కాబట్టి మళ్ళీ నేర్చుకుంటాయి, ఎన్నాళ్ళకో చెప్పలేనంది. అంటే నేర్పించవచ్చన్నమాట. పచ్చి ధాన్యం తెప్పించి డాబా మీద పళ్ళేల్లో ఆరబోశాను, అయిపోయినప్పుడల్లా మళ్ళీ కొత్తగా. పచ్చిది, ఒక ఎండది, రెండెండలది, మూడెండలది. నాలుగు గ్లాసుల్లో పోసి మూతపెట్టి, ఏది ఏదో పుస్తకంలో రాసుకుని, ఆయన ముందు కలిపి పెట్టేదాన్ని. ముందు నేనూ కొరికి చూశాను. పచ్చిది నలుగుతుంది, ఎండింది విరుగుతుంది, నడుమ రెండూ నాకు ఈ జన్మలో తెలియవు. మొదటి రోజు ఆయన ఒక్కటే చెప్పగలిగారు. వారం తిరిగేసరికి రెండు. అప్పుడు గమనించాను, తనకి తెలియకుండానే రెండు చెవులూ అరచేతులతో మూసుకుని కొరుకుతున్నారు. నేనూ మూసుకుని కొరికితే చప్పుడు తల నిండా మోగింది. నలభై ఏళ్ళూ ఆయన సగం చెవితో ఎంచారేమో. అడిగితే, ఏమో, ఎప్పుడూ ఆలోచించలేదన్నారు.

పదిహేనో రోజున మిల్లు నుంచి కబురొచ్చింది. సార్వా పంట ధాన్యం దిగింది, రాగలిగితే రమ్మని, లేకపోతే గుమాస్తా చూసుకుంటాడని. మామగారు గ్లాసులు పెట్టమన్నారు. చెవులు మూసుకుని ఒక్కొక్కటే కొరికారు. పచ్చిది చెప్పారు, ఒక ఎండది చెప్పారు. మిగిలిన రెండూ మార్చి మార్చి కొరికారు.

"ఈ రెండూ మూడెండలవే."

ఒకటి రెండెండలదని పుస్తకం తెరిచి చూపించాను. మళ్ళీ కొరికారు.

"నీ పుస్తకంలో రెండు. గింజలో మూడు."

నేను వాదించాను. పళ్ళెం నేనే ఆరబోశాను, రెండో ఎండ కాగానే నేనే నీడలోకి లాగాను, నేనే రాశాను. వాదిస్తున్నానే గానీ లోపల భయమే, ఈయన్ని చెడగొట్టింది నేనేనని. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు, నిన్న వడియాలు ఎండబెడుతుంటే నీడలో ఒక పళ్ళెం ధాన్యం కనిపించిందనీ, నేను మరిచిపోయాననుకుని తనే దాన్నీ ఎండలోకి జరిపాననీ చెప్పింది.

పుస్తకంలో రెండు కొట్టేసి మూడు వేశాను. తలెత్తేసరికి మామగారు చెప్పులేసుకుని వీధిలో ఉన్నారు. కంకిపాడు బస్సు వెళ్ళిపోయిందా అని పక్కింటివాళ్ళని అడుగుతున్నారు.