బియ్యం డబ్బాలో బెల్టు

మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో అద్దాలు తుడిచేవాళ్లు తాళ్లకు వేలాడుతున్నారు. అందరూ విమానాలు చూస్తుంటే నేను వాళ్ల నడుములకున్న బెల్టులు చూశాను.

మా బాపు కొత్తూరులో ఫ్యాక్టరీ కప్పులకు రేకులు బిగించేవాడు. చెమట వాసన కొట్టే సేఫ్టీ బెల్టు వేసుకున్నాకే పైకెక్కేవాడు. కాబట్టి ఆయన్ని పైకి తీసుకుపోయేది ఆ బెల్టేనని ఏడేళ్ల నా సైన్సు. అది లేకపోతే కిందే ఉంటాడు, నాతో ఆడతాడు. బడి సెలవున్న ఒక రోజు దాన్ని బియ్యం డబ్బాలో దాచేశాను. బాపు ఇల్లంతా వెతికి, ఆలస్యమైందని ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బియ్యం తీయబోయిన అమ్మ అరిచింది. "గీ బెల్టే గదనే మీ బాపును పడకుండ పట్టుకునేది!"

బాపు ఫోను స్విచ్చాఫ్. అమ్మ నన్ను లాక్కుని ఆటో ఎక్కింది. నేను మొక్కని దేవుడు లేడు, కంగారులో కొందరికి రెండుసార్లు మొక్కాను. బెల్టు మాత్రం నా ఒళ్లో క్షేమంగా కూర్చుంది.

ఫ్యాక్టరీ గేటు బయట బాపు నేల మీద కూర్చున్నాడు.

"బెల్టు లేదని లోపటికే రానిస్తలేడు. పొద్దుగాల్నుంచి బతిమిలాడుతున్న, జర గూడ కరగడే ఈ వాచ్‌మన్!"

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నా సైన్సు మాత్రం తప్పలేదు, బెల్టు లేని బాపు కిందే ఉన్నాడు. ఆ సైన్సును నిజం చేసింది గేటు దగ్గరి మొండిమనిషేనని అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. ఆ పూట బాపు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. పేరు మాత్రం ఎవరం అడగలేదు.