తలలు చూసే నాగమణమ్మ

గౌలిపుర నాగమణమ్మ మనుషుల ముఖాలు చూడదు, తలలు చూస్తుంది.

ఇరవై ఏళ్లుగా పక్కింట్లో ఉంటున్న పాల బీరయ్య ఒకనాడు కొత్త రుమాలు చుట్టుకొని ఎదురుపడితే, "ఎవ్వలు బాపూ, ఎవ్వలింటికి పోవాలె?" అని అడిగింది. బీరయ్య రుమాలు విప్పాడు. "ఓ, నువ్వా! సుడి కాడ పల్చబడ్డది గదా. నూనె పెడ్తలేవా?" అని అక్కడే కూర్చోబెట్టి తలకు నూనె మర్దించింది. ఆ పూట సగం గౌలిపురకు పాలు ఆలస్యంగా అందాయి.

ఆమె పని సవరాలు కట్టడం. దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను ఆడవాళ్లు ఉండ చుట్టి గోడ సందుల్లో దోపుతారు కదా, ఇల్లిల్లూ తిరిగి వాటిని ఏరుకొచ్చేది. కడిగి, చిక్కు తీసి, పాయలు కట్టి, జడలో కలిపి అల్లుకొనే సవరంగా చేసేది. అయితే అడగ్గానే ఇచ్చేది కాదు. మర్నాడు పెళ్లికి పోవాలంటూ బహదూర్‌పురా నుంచి కృష్ణమ్మ పరుగున వస్తే, "ముందుగాల నీ సొంత జుట్టు సూపియ్యి" అని కొప్పు విప్పించి, చేతిలో శీకాయ పొడి పెట్టి పంపించేసింది. "కుదుళ్లు గట్టివడ్డంక రా. గంతదాంక రాలినయి పడెయ్యకు, నాకు తే." ఇదేం పిసినారితనమని అందరూ నవ్వుకునేవారు.

ఆ నవ్వు కొమురమ్మ ఇంట్లో మాత్రం కోపంగా మారింది. ఆమె కూతురు లలితమ్మకు ఆ వానాకాలం టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం పట్టింది. నాగమణమ్మ రోజూ పొద్దున్నే దిగేది. జ్వరం ఎంతుందని అడగదు. "రాలినయి ఏడ వెట్టినవ్ కొమురా?" అని దిండు మీదా చాప మీదా ఒక్కొక్క వెంట్రుకా ఏరుకుపోయేది.

"పిల్ల పాణం మీదికొస్తే నీకు సవరాల ఫికరైందా? మల్ల నా గడప తొక్కకు!" అని కొమురమ్మ ఒకరోజు అరిచింది.

"గా మంచం కింద గూడ ఊడ్వు" అని చెప్పి నాగమణమ్మ వెళ్లిపోయింది. మర్నాడు తలుపు వేసి ఉంటే కిటికీలోంచి చెయ్యి చాచింది.

జ్వరం పోయింది, దాంతోపాటు జుట్టూ పోయింది. లలితమ్మకు అప్పటికే సైదాబాద్ సంబంధం ఖాయమైంది. పిల్లను చూడ్డానికొచ్చిన రోజు కాబోయే అత్త రుక్మాబాయి జడను చేతిలోకి తీసుకొని, "గీ జడను సూసే ఒప్పుకుంటున్న" అనేసింది. ఇప్పుడా జడ చూపుడువేలంత లేదు. కొమురమ్మ చార్మినార్ దగ్గర మోకాళ్లదాకా వచ్చే సవరం కొనుక్కొచ్చి, "అడిగితే నాదే అను" అని నేర్పింది. లలితమ్మకు అబద్ధం రాదు. చెప్పబోతే ముక్కు ఎర్రబడుతుంది. కనీసం ఆ బరువైనా అలవాటు చేసుకుందామని పది రోజులు నిద్రలో కూడా సవరం తీయలేదు.

పదకొండోనాడు నల్లా దగ్గర నాగమణమ్మ ఆమెను వెనకనుంచి చూసి బిందె వదిలేసింది.

"ఆగు! గా తలకు ఏంది గా ఉరి?"

విప్పి చూస్తే ముడి పడినచోట కుదుళ్లు వాచాయి. చెవుల పక్కన కొత్తగా మొలిచిన వెంట్రుకలు కూడా చేతికి ఊడి వస్తున్నాయి. నాగమణమ్మ అప్పుడు తల వదిలి ముఖం చూసింది. లలితమ్మ ఏడుస్తోంది.

"లగ్గానికి ఎన్ని దినాలున్నయే?"

"రెండున్నర నెల్లు, పెద్దమ్మా."

"చాలు. మీ అమ్మ ఎంత లొల్లి వెట్టినా నేనొస్త. నువ్వు మాత్రం వెనుకకు తగ్గొద్దు."

లలితమ్మ తగ్గలేదు. మెంతులు పెరుగులో రుబ్బి పట్టించుకుంది, శీకాయతో కడుక్కుంది, తడి ఆరనిదే జడ ముట్టలేదు. బజారు సవరం అటకెక్కింది. చుట్టాలు "జడ ఏదే?" అని నవ్వితే, "పెరుగుతున్నది" అని వాళ్ల ముఖం మీదే చెప్పింది. కొమురమ్మ తలుపు వేసినప్పుడల్లా నాగమణమ్మ అరుగు మీద బైఠాయించి, తలుపు సందులోంచి దువ్వెన తోసేది.

పెళ్లి రోజు పొద్దుటికి జుట్టు చెవులు దాటింది, పీకినా ఊడనంత గట్టిగా ఉంది. నాగమణమ్మ తేలికపాటి సవరం ఒకటి మూటగట్టి పట్టుకొచ్చింది.

"వద్దు పెద్దమ్మా. ఎవ్వలయో పెట్టుకొని నావని అనలేను."

"ఎవ్వలయో ఎందుకైతయే? నీ జరంల రాలినయే గివి. అన్నీ ఏరిన." ఆమె విప్పిన మూటకు ఆనవాలుగా లలితమ్మ పాత రవిక పేలిక కట్టి ఉంది. "ఎవ్వలయి వాళ్లకే కడ్త నేను. ఇరవై ఏండ్లల ఒక్కనాడు కలపలే."

ఆ కిటికీ, ఆ చెయ్యి గుర్తొచ్చి కొమురమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. లోపలికి పోయి మీగడ పాలు తెచ్చి ఇస్తూ, "అక్కా, నా మూట గూడ ఉన్నదా?" అంది.

"ఎప్పటిసందో ఉన్నది. నువ్వే తలుపేస్తివి."

పెళ్లిపందిట్లో రుక్మాబాయి అందరి ముందూ జడ పట్టుకుంది. "సొంతమేనా?"

"సవరమే అత్తమ్మా. జరంల నా జుట్టు రాలింది. రాలిన వెంట్రుకలతోనే కట్టిన్రు. మీదున్నది కొత్తగ మొలిచింది." లలితమ్మ ముక్కు ఎర్రబడలేదు.

రుక్మాబాయి ఏదో అనబోయింది. ఈలోగా వెనకనుంచి నాగమణమ్మ గొంతు ఖంగుమంది.

"ఎవ్వలమ్మా నువ్వు? కొప్పుల సవరం మస్తు బిగించినవ్. పండుకునేటప్పుడన్న తీస్తున్నవా లేదా?"

రుక్మాబాయి చెయ్యి గబుక్కున కొప్పు మీదికి పోయింది. ఆపైన జడ మాట ఎవరూ ఎత్తలేదు.

నెల తర్వాత లలితమ్మ పుట్టింటికి వచ్చినప్పుడు టాంగాలోంచి ఆమె వెనకాలే రుక్మాబాయి కూడా దిగింది. చేతిలో చిన్న గుడ్డమూట ఉంది, ముడి సందులోంచి రాలిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. కొమురమ్మ అరుగు మీద వెంట్రుకల చిక్కు తీస్తున్న నాగమణమ్మ ఆమె కొప్పు వైపు చూసి, ముఖం చూడకుండానే, "రా రుక్మాబాయీ, కూసో" అంది.