హస్తవాసి మేస్త్రీ

బరువైన యంత్రాల్ని ఎత్తి, జరిపి, దించే పనివాళ్లని ఖలాసీలంటారు. ఆ రిపేరు షెడ్డులో ఖలాసీల మేస్త్రీకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది కానీ, జీతాల రోజున తప్ప అది ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందరికీ ఆయన హస్తవాసి మేస్త్రీ. ఆయన చెయ్యి పడితే పని చెడదని నమ్మకం.

ఆ నమ్మకం వెనక ఒక చావుంది. మేస్త్రీ వయసులో ఉన్నప్పుడు ఒక గోడౌను కడుతుంటే పరంజా కూలింది. పైనున్నవాళ్లంతా కిందపడ్డారు. ఒకడు మళ్లీ లేవలేదు. ఈయన మాత్రం గాల్లో వేలాడుతూ కనిపించాడు. పైకెక్కే ముందు నడుముకి తాడు చుట్టుకుని, రెండో కొసని ఇనప దూలానికి బిగించుకున్నాడు. జరిగింది అంతే. ఎవరడిగినా అదే చెప్పేవాడు.

"తాడు కట్టుకున్నానండీ."

"అదే మరి! అందరూ కట్టుకోలేదుగా. నీకే ఎందుకు తోచింది? రాసిపెట్టి ఉంది."

కొన్నాళ్లు వాదించాడు. తర్వాత ఊరుకున్నాడు. తాడు గురించి వినాలని ఎవరికీ లేదు.

వీధిలో కొత్త బండి కొన్నవాడు మొదటిసారి తాళం ఈయన చేత తిప్పించేవాడు. ఎదురింటి దర్జీ కత్తెరకి సాన పట్టించినప్పుడల్లా మొదటి గుడ్డ ఈయన చేత కత్తిరింపించేవాడు. వంకరగా పోయినా కిక్కురుమనేవాడు కాదు. భార్య ఒక్కతే ఈ గోలంతా పట్టించుకునేది కాదు.

"ఊరందరికీ మీ చెయ్యి వాసే. మన ఇంటి కుళాయికి తప్ప. రాత్రంతా కారుతూనే ఉంటుంది."

"అది వాషరు అరిగింది. నా చెయ్యేం చేస్తుంది?"

"అయితే వాషరు తెచ్చి వెయ్యండి. అదృష్టం సంగతి తర్వాత చూద్దాం."

షెడ్డులో దూలానికి ఒక చైన్ బ్లాక్ వేలాడుతుండేది. గొలుసు లాగితే బరువు లేస్తుంది, వదిలేస్తే లోపలున్న బ్రేకు ప్లేట్లు దాన్ని ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతాయి. కానీ ఆ పట్టుని నమ్మి ఎవరూ కిందకి దూరకూడదు. యంత్రం లేచాక నాలుగు మూలలా చెక్క దిమ్మలు పెట్టాలి. బరువు దిమ్మల మీద కూర్చున్నాకే మనిషి కిందకి పోవాలి. మేస్త్రీ పని నేర్చుకున్నది అలా, నేర్పింది అలా.

ఎత్తే ముందు మేస్త్రీ చేత కొక్కానికి చెయ్యి వేయించడం ఓనరు మొదలుపెట్టాడు. మొదట్లో చెయ్యీ పడేది, దిమ్మలూ పడేవి. ఒకసారి తొందర పనిలో దిమ్మలు తుక్కు కుప్ప వెనక ఉండిపోయాయి. "మేస్త్రీ చెయ్యి పడిందిగా, ఇంకా దిమ్మలెందుకు?" అన్నారెవరో. ఆయన ఇటు తిరిగేసరికి మనిషి కిందకి దూరేశాడు. మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టాడు. పని మాత్రం సవ్యంగా అయిపోయింది. అదే పెద్ద అనర్థమైంది.

ఆ తర్వాత దిమ్మలు ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. ఒకదాన్ని కోసి బల్లకి కాళ్లు చేశారు. ఒకటి వెల్డరుకి పీటైంది. మేస్త్రీ అరిస్తే నవ్వేవాళ్లు. ఆయన కొక్కెం మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం సుత్తులు ఆగేవి, షెడ్డంతా నిశ్శబ్దమైపోయేది. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం ఆయనకీ రుచించేది.

అలా ఉండగా తమ్ముడు అదే షెడ్డులో పనికి చేరాడు. మేస్త్రీ ఎత్తుకుని పెంచిన తమ్ముడు. పెళ్లయి ఏడాది తిరగలేదు. మా అన్నయ్య చెయ్యి ఇలాంటిది, అలాంటిది అని అందరికంటే వాడే ఎక్కువ చెప్పుకునేవాడు. కిందకి దూరే పని కావాలని అడిగి మరీ తీసుకున్నాడు.

ఆ వానల్లో మేస్త్రీకి ఒక తేడా చెవిన పడింది. ఎప్పుడూ కీచుమనే చైన్ బ్లాక్ కీచుమనడం మానేసింది. మిగతావాళ్లకి హాయిగా ఉంది. ఆయనకి మాత్రం ఎవరో గొంతు నొక్కినట్టు వినిపించింది. ఒక మోటారుని వేలాడదీసి అన్నాలకి వెళ్లేముందు, దాని అడుగు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీశాడు. తిరిగొచ్చేసరికి మోటారు గీత కిందకి దిగి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఓనరుని పిలిచి గీత చూపించాడు.

"కళ్లద్దాలు మార్చు మేస్త్రీ."

"బ్రేకు జారుతోందండీ. విప్పి చూస్తాను."

"ప్రెస్సు రేపు పోవాలి. అది పంపించి, తీరిగ్గా విప్పుకో."

మర్నాడు రేకులు నొక్కే ఆ ప్రెస్సు యంత్రాన్ని ఎత్తారు. షెడ్డులో దాన్ని మించిన బరువు లేదు. అడుగున పట్టేసిన బోల్టులు కొట్టి ఊడదియ్యాలి. తమ్ముడు కింద గోనె పరిచాడు. అందరూ మేస్త్రీ వైపు చూశారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"దిమ్మలు పెట్టేదాకా వెయ్యను."

"గురువుగారూ, కొత్తల్లుడిలా ఈ అలకేంటండీ?" అన్నాడు పీట మీంచి వెల్డరు. అందరూ నవ్వారు.

ఓనరు నవ్వలేదు. "చెయ్యి వెయ్యడానికి ఇంత బెట్టా? లారీ బయట నిలబడి ఉంది."

తమ్ముడి మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నయ్యా, నలుగురిలో పరువు తియ్యకు. ఊరందరికీ వేసిన చెయ్యి నాకు వెయ్యవా?"

"నీ కోసమే వెయ్యట్లేదురా. అది జారుతోంది. దిమ్మలు పడేదాకా నువ్వు కిందకి పోవద్దు."

"నువ్వు వెయ్యకపోతే పోనీ. నీ రక్తమేగా నాదీ." వాడు గోనె మీద వెల్లకిలా పడుకుని, సుత్తితో సహా కిందకి జరిగిపోయాడు. కాళ్లు మాత్రమే బయట కనిపిస్తున్నాయి.

మేస్త్రీ పరుగున వెళ్లి వెల్డరు కింద నుంచి పీట లాగేశాడు. వెల్డరు వెనక్కి పడ్డాడు. లోపల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ప్రతి దెబ్బకీ గొలుసు సన్నగా వణుకుతోంది. మేస్త్రీ దిమ్మని ఈడ్చుకొచ్చి తమ్ముడి భుజం వైపు మూలలోకి కాలితో తన్నాడు. అది లోపలికి పోవడం, ప్రెస్సు జారడం ఒక్కసారే జరిగాయి.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఎవరో నిట్టూర్చినట్టు దిగింది. ఒక పక్క దిమ్మ మీద ఆగి, రెండో పక్క నేలకి ఒరిగింది. ఆ ఏటవాలు సందులో తమ్ముడున్నాడు. కాళ్లు కదలడం లేదు.

గడ్డపారలు పెట్టి ఎత్తి, వాణ్ని బయటికి లాగారు. చొక్కా గుండీలు తెగిపోయాయి. రొమ్ము మీద ఇనుము ఒత్తిన ఎర్రటి చార ఉంది. కాసేపటికి ఊపిరి తీసుకున్నాడు.

మేస్త్రీ వాణ్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, అప్పుడు చైన్ బ్లాక్ దింపి విప్పాడు. బ్రేకు ప్లేట్లు అరిగి రేకుల్లా ఉన్నాయి. వాటి నుంచి నూనె బొట్లుబొట్లుగా కారుతోంది. పొడిగా ఉంటేనే పట్టే ప్లేట్లవి.

"ఇందులో నూనె పోసిందెవరు?"

"నేనే అన్నయ్యా," అన్నాడు తమ్ముడు గోడ దగ్గర్నుంచి. "కీచుమంటోంది కదా అని."

మేస్త్రీ ప్లేటు అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కరికీ చూపించాడు. వేలితో రాసి చూడమన్నాడు. ఓనరు ప్లేటు చూశాడు, తర్వాత తల తిప్పి తమ్ముణ్ని చూశాడు. చాలాసేపు వాణ్నే చూశాడు.

"ఇంత నూనెలో కూడా బతికాడే!"

"మేస్త్రీ చెయ్యి పడకుండానే బతికాడండీ," అన్నాడు వెల్డరు నడుం రుద్దుకుంటూ. "అంటే ఆ వాసి వీడిది. ఇన్నాళ్లూ మనకి తెలీలేదు."

"దిమ్మ పెట్టానురా! దిమ్మ మీద ఆగింది. కళ్లతో చూశారు కదరా!"

"సరిగ్గా ఆ క్షణానికే అందింది కదా గురువుగారూ దిమ్మ. అదే కదా మరి."

ఎవడో వెళ్లి తమ్ముడి చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తమ్ముడు వెనక్కి తీసుకోబోయాడు, కానీ తీసుకోలేదు.

ఆ సాయంత్రం వాడి చేతులు వణుకుతుంటే మరదలు అన్నం కలిపి పెట్టింది. ఎదురింటి దర్జీ గుమ్మం దాకా వచ్చి పలకరించి వెళ్లాడు. వెళ్తూ మేస్త్రీ వైపు చూడలేదు. "ఆయన దిమ్మ తన్నకపోతే ఈపాటికి నీ ఫోటోకి దండ వేసేవాళ్లంరా," అంది మేస్త్రీ భార్య మరిదితో. వాడు తలూపాడు. వారం తిరిగేసరికి చేతుల వణుకు తగ్గింది. ఆ తలూపడం కూడా తగ్గింది.

ఓనరు కొత్త ప్లేట్లు తెప్పించాడు. మేస్త్రీ వాటిని ఉత్త గుడ్డతో తుడిచి, పొడిగా బిగించి, బరువు వేలాడదీసి ఒక పూటంతా చూశాడు. జారలేదు. తర్వాత కలప అడితి నుంచి మొద్దు తెచ్చి, తనే కోసి, కొత్త దిమ్మలు తయారుచేసి గోడ వారగా పేర్చాడు.

మళ్లీ ఒక పెద్ద ప్రెస్సు వచ్చింది. కొక్కెం తగిలించారు. అలవాటు కొద్దీ మేస్త్రీ ఒక అడుగు ముందుకేశాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. సుత్తులు ఆగాయి. తమ్ముడు నెమ్మదిగా నడిచొచ్చి కొక్కెం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆ మొహంలో ఉన్న హాయి ఎలా ఉంటుందో షెడ్డు మొత్తంలో మేస్త్రీ ఒక్కడికే తెలుసు.

"తమ్ముడూ, దిమ్మలు," అన్నాడు.

"పెడదాంలే అన్నయ్యా. నువ్వు కాస్త పక్కకి జరుగు."

గొలుసు లాగడం మొదలైంది. ప్రెస్సు నేల వదిలింది. మేస్త్రీ గోడ దగ్గరికెళ్లి మొదటి దిమ్మని ఒక్కడే భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి ప్రెస్సు కింద ఎవరో అప్పుడే గోనె పరుస్తున్నారు.