తీస్తే వచ్చే బోల్టు

ఆ రోజుల్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన ప్రతివాళ్లకూ లోకంలో ఏదో ఒకటి తప్పుగా తయారైనట్టు కనిపించేది. నాకు గోడకు కొట్టే బోల్టు కనిపించింది. గోదావరిఖనిలో మేముండేది బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లో. ఖాళీ చేసి పోయేవాళ్లు ఊయలలూ టీవీ స్టాండ్లూ పట్టుకుపోయేవాళ్లు గానీ, వాటిని మోసిన బోల్టులు గోడల్లోనే ఉండిపోయేవి. రంధ్రంలో ఉబ్బి కూర్చున్న బోల్టు మళ్లీ బయటికి రాదు. వచ్చేట్టు చేస్తే? ఈ ఆలోచనతో బజారులో లేత్ మిషన్ నడిపే అన్న దగ్గర పనికి చేరాను. (ఆయన అసలు పేరు మరిచిపోయి ఊరంతా 'లేత్ భాయ్' అనేది.)

చీలికలున్న గొట్టం, దాని కొసన శంకువులాంటి ముక్క: ఇంతే మా బోల్టు. బిగిస్తే శంకువు గొట్టంలోకి దూరి దాన్ని వెడల్పు చేస్తుంది, గొట్టం గోడను పట్టుకుంటుంది. వదులు చేస్తే శంకువు వెనక్కి జారాలి. మొదటిది జారలేదు. మా వంటింటి గోడలోంచి ఇద్దరం బలంగా లాగితే సిమెంటు పెచ్చుతో సహా ఊడొచ్చింది. "ఏందే ఇంజినీరమ్మా, బోల్టు తీసినవా, గోడ తీసినవా?" అంది అమ్మ. దాంతో శంకువు వాలు బాగా పెంచాం. ఈసారి రెండు వేళ్లతో తిప్పితే చాలు, చక్కగా బయటికొచ్చింది. ఇక మమ్మల్ని పట్టుకునేవాళ్లు లేరు.

అన్నకు పని తగ్గిపోతున్న కాలమది. క్వార్టర్ల మరమ్మతులు చూసే కాంట్రాక్టర్ కాకకు మా బోల్టు నచ్చితే దుకాణం నిలబడుతుంది. అందుకని మా వరండా కప్పుకు ఆ బోల్టులతోనే ఊయల కట్టి ఆయన్ను పిలిచాం. కాక భారీ మనిషి. చాయ్ తాగుతూ ఊగి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగ్ అయింది. కిటికీలు గలగలలాడాయి. (మాకది అలవాటే, తినేవాళ్లు ముద్ద కూడా ఆపరు.) మా శంకువులకు మాత్రం అలవాటు లేదు. ఊయల ఒకవైపు, కాక ఒకవైపు. నేలమీద కూర్చుని, చాయ్ చుక్క ఒలకని కప్పు చేత్తో పట్టుకుని, "తీస్తే వస్తదన్నరు. తియ్యకున్నా వచ్చె గద బిడ్డా!" అన్నాడాయన.

నవ్వాపుకోలేక నేను లోపలికి పరుగెత్తాను. అన్న ఒక్కడే నవ్వలేదు. కాక వెళ్లాక బోల్టులు ఏరుకుంటూ, "వాలు జర తగ్గిద్దాం చెల్లె. ఇంకోసారి చేద్దాం" అన్నాడు. సరేనన్నాను. ఆ వారమే నాకు గోలేటిలో ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు, తర్వాత పెళ్లి, పిల్లలు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం పోయిందని, అన్న బసంత్‌నగర్‌లో ఫిట్టర్‌గా కుదిరాడని అమ్మ ఫోన్లో చెప్పింది.

మొన్న బసంత్‌నగర్‌లో బస్సు కోసం నిలబడితే ఆయనే పలకరించాడు. గడ్డం నెరిసింది. నేనాగలేక, "అన్నా, వాలు కొంచెం తగ్గించి లోపల స్ప్రింగ్ పెట్టుంటే ఆగేదేమో" అన్నాను.

"ఆగింది చెల్లె."

"ఏంటీ?"

"నువ్వు పోయినంక గట్లనే చేసిన. దుకాణం గోడకు కొట్టిన. ఎన్ని బ్లాస్టింగులైనా కదలలే. తీస్తే వచ్చింది, పెడితే ఆగింది."

"మరి నాకు చెప్పలేదేం, అన్నా?"

"కొత్త డ్యూటీల ఉంటివి. కాక మల్ల రాకపాయె. ఎవలకు చూపియ్యాలె?"

"ఇప్పుడెక్కడుంది?"

"గోడ కూలగొట్టినప్పుడు అండ్లనే పాయె."

"తీస్తే వచ్చేదే కదన్నా?"

"వచ్చేదే. తియ్యాలె గద."

ఇద్దరం నవ్వాం. నా నవ్వే ముందు ఆగిపోయింది.