రాజీ అన్నారు, రాజీనామా రాశారు

హెచ్ఆర్‌లో పనిచేసే అమ్మాయి నన్ను "మేడమ్" అని పిలిచిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా నేను ఆమెకు అక్కను. ఇద్దరిదీ అనంతపురం వైపే. మధ్యాహ్నం నా పచ్చడి డబ్బా ఖాళీ చేసేది ఆమే. రెండో కాన్పు సెలవు ముగించుకుని బెంగళూరులో కుందలహళ్ళి ఆఫీసుకు తిరిగి వెళ్ళిన రోజు, నా మొహం చూడకుండా, "మేడమ్, ఒకసారి మీటింగ్ రూమ్‌కి వస్తారా?" అంది. అప్పటికే పాలు చేపుకొచ్చి కుర్తా తడిసింది. చున్నీ సర్దుకుని వెళ్ళాను.

నా పోస్టు ఇక లేదన్నారు. రాజీనామా మెయిల్ పెడితే మర్యాదగా పంపిస్తామన్నారు. పెట్టనన్నాను. సాయంత్రానికి నా లాగిన్ ఆగిపోయింది.

కార్మిక శాఖలో ఫిర్యాదు చేశాను. ఈలోగా ఇంట్లో మా అత్తగారు ఐదేళ్ళ నా పెద్దకూతురితో, "చెల్లి పుట్టింది కదా, అందుకే అమ్మ ఉద్యోగం మానేసింది" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు. పిల్ల మాత్రం ఆ రోజు నుంచి చెల్లెలి ఉయ్యాల దగ్గరకు పోవడం మానేసింది. నేను మానలేదు, వాళ్ళే తీసేశారు అని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని నాకు పట్టుదల వచ్చింది. డబ్బు అవసరం లేదని కాదు. రెండు నెలల అద్దె బాకీ పడ్డాం.

ఎన్నో వాయిదాల తర్వాత ఇరుపక్షాలనూ కూర్చోబెట్టారు. కార్మిక శాఖ అధికారి తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగాయన.

"పసిబిడ్డ ఉండాది. ఎన్ని దినాలని తిరుగుతావమ్మా? దుడ్డు ఇస్తామంటా ఉండారు గదప్పా. రాజీ అయిపో."

"ఊరికే ఇవ్వడం లేదు సార్. నాకు రావలసిందే ఇస్తున్నారు."

కంపెనీ లాయరు గొంతు సవరించుకున్నాడు. "గుడ్‌విల్ కింద ఇస్తున్నాం మేడమ్. మా క్లయింట్ తప్పు చేసిందని కాదు."

"తప్పు చేయకపోతే ఎందుకిస్తున్నారు?"

"జస్ట్, క్లోజ్ చేద్దామని."

ఒప్పందం కాగితం కన్నడంలో ఉంది. మన లిపికి దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదవగలను. నా ఇష్టంతోనే 'రాజీనామె' ఇచ్చానని మూడో పేరాలో ఉంది.

"సార్, మీరు రాజీ అన్నారు. ఇక్కడ రాజీనామా అని రాశారు."

ఆయన నవ్వారు. "ఒక నామా ఎక్కువ పడిందిలేమ్మా. దానికేముండాది?"

"ఆ నామాలు నాకే కదా సార్ పెడుతున్నారు!"

పక్క బల్ల దగ్గర గుమాస్తా పకపకా నవ్వాడు. లాయరు నవ్వలేదు. "ఆ లైన్ తీస్తే ఆఫర్ లేదు. కోర్టుకు వెళ్ళండి."

అధికారి గొంతు తగ్గించారు. "కోర్టుకు పోతే నీ పసిబిడ్డ బడికి పోయేదాకా నడుస్తాది. ఇంక నీ ఇష్టం."

నా ఇష్టమట! సంతకం పెట్టాను. పెన్ను కాగితంలో దిగబడింది.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను, నా కోపం ఇంకా దిగలేదు. బాలింతను తీసేయడం తప్పని చట్టం చెబుతుంది. ఆ తప్పు ఖరీదెంతో కంపెనీ ముందే లెక్క వేసుకుంటుంది. కరెంటు బిల్లు కట్టినట్టు కట్టేసి, ఇంకో బాలింత మీద పడుతుంది. కట్టించిన ప్రభుత్వం సమస్య తీరిందని ఫైలు మూస్తుంది. తప్పు చేసిందెవరో మాత్రం ఎవరూ అడగరు. పైగా ఈ విషయం బయట ఎవరికీ చెప్పకూడదని షరతు. దొంగతనం వాళ్ళది, నోరు మూసుకోవలసింది నేను.

సంతకం పెట్టిన మర్నాడు పొద్దున, చిన్నదాన్ని ఒళ్ళో వేసుకుని పెద్దదానికి జడ వేస్తూ ఇద్దరికీ చెప్పాను.

"అమ్మ ఉద్యోగం మానలేదు. వాళ్ళే తీసేశారు. చెల్లి ఏమీ చేయలేదు."

"మరి నాన్నమ్మ అట్లా చెప్పింది?"

"నాన్నమ్మకు తెలియదు. నేను చెబుతాను."

జడ నా చేతిలో ఉండగానే పెద్దది తల తిప్పింది.

"వాళ్ళు నీకు సారీ చెప్పారా?"

"లేదమ్మా. డబ్బులిచ్చారు."