మూడు గళ్లలో ఒకే సంతకం

మా వీధిలో అక్షరం రానివారు కూడా ఆయన అక్షరాన్ని గుర్తుపట్టేవారు. మందుల కొట్టు, క్షౌరశాల, చెప్పులు బాగుచేసే అరుగు, గడియారాల దుకాణం, వీటన్నిటి నుదుటి రాతా ఆయనదే. అందుకే అందరూ బోర్డులాయన అనేవారు. నేను శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ని. ఒకే ఇంట్లో ఆయనా ఆయన భార్యా కింది రెండు గదుల్లో, నేను పై రెండు గదుల్లో. మేము ఒక తల్లి బిడ్డలము కాకపోయినా ఆయన నన్ను అన్నగారూ అనేవాడు, ఆయన భార్య బావగారూ అనేది. ముప్ఫై ఏళ్లు అలా పిలిపించుకున్న తరువాత అది చుట్టరికం కాదనడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు.

గ్రంథాలయంలో ‘నిశ్శబ్దము పాటించండి’ అని రాయించిన రోజున మొదటిసారి వాళ్ల పని చూశాను. సుద్ద పూసిన దారాన్ని ఆ కొసన ఆమె, ఈ కొసన ఆయన బిగబట్టి గోడకు ఆనించి, మధ్యలో లాగి విడిచారు. తెల్లని గీత పడింది. ఆమె వెంటనే హాలు అవతలికి వెళ్లి నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది.

“ఎడమ పక్క తలెగరేస్తోంది. దించండి.”

“ఎంత?”

“మీరు నా మాట వినేటంత.”

“అంటే అసలు దించక్కర్లేదన్నమాట,” అంటూనే ఆయన అరంగుళం దించాడు.

నిశ్శబ్దము పాటించమన్న ఆ బోర్డు రాసేటప్పుడు జరిగినంత మాటల సందడి ఆ హాలులో మరెన్నడూ జరగలేదు. ఆయన ఏ బోర్డు రాసినా ఆమె వీధి అవతల నిలబడి ‘గీత బాగుంది’ అనేదాకా నిచ్చెన దిగేవాడు కాదు. ఆనాటి కూలికి ఆయన సంతకం చేసి ఇచ్చిన రసీదు నా పెట్టెలో ఉంది. నేను కాగితం పారవేయను. “బావగారింట్లో చెత్తబుట్టకు రోజూ ఉపవాసమే,” అని ఆమె వెక్కిరించేది. ఆ వెక్కిరింపుకు ఆనాడు నవ్వాను. ఆ రసీదును చించి పారవేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఫ్లెక్సీలు వచ్చాక ఆయన చేతికి పని తగ్గింది. ఆ తరువాత చెయ్యే వణకడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాకు ఒక్కడికే చెప్పాడు, భార్యకు మాత్రం తెలియనివ్వకూడదని ఒట్టు వేయించుకున్నాడు. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, చలిగా ఉందనేవాడు. తన కిటికీకి ఎదురుగా ఉన్న గడియారాల దుకాణానికి రెండేళ్ల కిందట రాసినదే ఆయన రాసిన చివరి బోర్డు.

కిందటేడు ఆమె ఊపిరితిత్తులు చెడ్డాయి. మూడు వారాలు ఆసుపత్రి వార్డులో ఉంది. పదహారు మంచాల గది. కిటికీలు తల ఎత్తినా అందనంత పైన. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు: నయమయ్యేది కాదు, మిగిలిన రోజులు ఇంట్లో గడపవచ్చు, అయితే మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ నడుస్తూ ఉండాలి. ఆమె కోరుకున్నదీ అదే. “నన్ను ఇంటికి తీసుకుపోండి. కిటికీ దగ్గర పడుకోబెట్టండి. ఇక్కడ చదవడానికి గోడ మీద ఒక్క అక్షరం లేదు,” అంది.

మిషన్ కొనడానికి మా ఇద్దరి దగ్గరా ఉన్నది కలిపినా చాలదు. అద్దెకిచ్చే సంస్థ నగదు పూచీ ఒప్పుకోలేదు. రోగి సొంత కుటుంబంలోని వారి పేర క్రెడిట్ కార్డు ఉండాలన్నారు. నిలువెత్తు మనిషి ఎదురుగా నిలబడి మాట ఇస్తే చెల్లదు, అరచేతిలో సగమంత ప్లాస్టిక్ ముక్క ఇస్తే చెల్లుతుంది. ఆయన తన ఖాతా ఉన్న బ్యాంకులోనే దరఖాస్తు పెట్టాడు. ఆ బ్యాంకు అద్దం మీద ‘నగదు’ అన్న అక్షరాలు రాసిందీ ఆయనే.

నాలుగో రోజున ఫోనుకు సందేశం వచ్చింది: దరఖాస్తు తిరస్కరించబడినది, సంతకము మా రికార్డులతో సరిపోలలేదు. జిరాక్సు షాపుకు వెళ్లి దాన్ని అచ్చు తీయించి ఫైలులో పెట్టాను. రికార్డంటే ముప్ఫై ఏళ్ల కిందట ఖాతా తెరిచేటప్పుడు చేసిన సంతకం. ఇప్పటి సంతకం కుదుపుల బండిలో కూర్చుని చేసినట్టుంది.

“డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకుందాం, చెయ్యి వణుకుతోందని. దాన్ని జతచేసి అప్పీలు పెడితే కాదనడానికి వాళ్ల దగ్గర మాట ఉండదు,” అన్నాను.

“వద్దన్నగారూ. మనమెరిగిన డాక్టరు ఆమెను చూసే ఆయనొక్కడే కదా. రేపు వార్డులో మాట వరసకు అననే అంటాడు. ఆమె ధైర్యమంతా ఈ చెయ్యే. ఇప్పుడా తెలిసేది?” అని, నా మేడ వైపు చూసి, “మీ దగ్గర నా పాత సంతకం ఉండాలే,” అన్నాడు.

రసీదు తీసి ఇచ్చాను. ఇన్నాళ్లకు నా కాగితాల పిచ్చి ఒకరికి పనికి వచ్చిందన్న గర్వం కూడా, ఒప్పుకుంటాను, లోపల కదిలింది.

మర్నాడు ఉదయం దిగి వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఉన్నాడు. సంతకం మీద పల్చని కాగితం పరిచి, గీత వెంట సూదితో సన్నని చిల్లులు పొడిచాడు. ఒకే చిహ్నాన్ని పది బోర్డుల మీద రాయవలసి వస్తే ఆ వృత్తిలో చేసే పద్ధతి అది. అప్పీలు ఫారంలో సంతకానికి మూడు గళ్లున్నాయి. ఒక్కొక్క గడి మీదా ఆ చిల్లుల కాగితం పెట్టి, నీలిపొడి మూటతో తట్టి, పడిన చుక్కల వెంట కలం నడిపాడు. వణుకు ఆగేందుకు మణికట్టు కింద సన్నని కర్ర ఆనించుకున్నాడు. మూడు గళ్లు నిండేసరికి మధ్యాహ్నమైంది. పొడి ఊదేసి చూపించాడు. మూడూ ఒకే అచ్చులోంచి వచ్చినట్టున్నాయి.

“భేష్,” అన్నాను. నా కళ్లు వేలాది పుటలు చదివాయి, కానీ ఆ మూడు గళ్లలో ఉన్న ప్రమాదాన్ని చదవలేదు. ఒకేలా ఉండవలసినవి ఒకేలా ఉండాలన్నది ఆయన జీవితమంతా పాటించిన నీతి. బ్యాంకు నీతి వేరు.

వారం గడిచాక జవాబు వచ్చింది: మూడు సంతకములును వెంట్రుకవాసి భేదము లేక ఒకదానిపై ఒకటి కుదురుచున్నవి, సహజమైన సంతకములు అట్లుండవు, నకలు చేసినట్లు అనుమానమున్నందున అప్పీలు నిలిపివేయడమైనది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. తన సంతకాన్ని తానే దొంగిలించాడన్న నింద మోస్తూ ఆయన బల్ల దగ్గర అలాగే కూర్చున్నాడు. నేను ఫైలు చంకన పెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను.

అప్పీళ్లు చూసే ఉద్యోగిని నా మనవరాలి వయసు పిల్ల. కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

“నాకు అర్థమవుతోంది తాతగారూ. కానీ సిస్టం ఒప్పుకోవడం లేదు.”

“ఆ సిస్టం ఎవరమ్మా? ఒకసారి పిలువు, మాట్లాడతాను.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోవలసింది నవ్వు కాదు. “మొదటిసారి సరిపోలలేదన్నారు. రెండోసారి మరీ సరిపోలిందన్నారు. మనిషి ఎంతవరకు తనలా తానుంటే మీకు సమ్మతమో ఆ కొలత కాగితం మీద రాసివ్వండి. ఫైలులో పెట్టుకుంటాను,” అన్నాను.

ఆమె కోపగించుకోలేదు. గొంతు తగ్గించి, “చెయ్యి వణుకుతుంది, అంతేగా తాతగారూ? డాక్టరుతో ఒక్క ముక్క రాయించుకురండి. ఆయన నా ఎదురుగా ఎలా వస్తే అలా సంతకం చెయ్యాలి. మర్నాటికి కార్డు నంబరు నేనే ఇప్పిస్తాను,” అంది.

ఒక్క ముక్క. మూడు వారాలుగా మా ముగ్గురి మధ్య అడ్డుగోడై నిలిచింది ఆ ఒక్క ముక్కే. ఇంటికి రాకుండా ఆ సాయంత్రం నేరుగా వార్డుకు వెళ్లాను. ఆయన మందులు తేవడానికి బయటికి వెళ్లాడు. ముక్కుకు గొట్టంతో ఆమె వెల్లకిలా పడుకుని ఉంది.

“మీ ఫైలు బరువెక్కింది బావగారూ. కార్డు సంగతి ఏమైంది?”

కార్డు రాలేదన్నది దాచలేదు. చెయ్యి పేరెత్తకుండా ఏదో సంతకం చిక్కన్నాను. ఆమె నా వైపు తల తిప్పింది.

“వణుకు గురించేనా?”

నేను ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాను.

“గడియారాల కొట్టు బోర్డు రాసేటప్పుడే తెలుసు. వీధి అవతల నిలబడి చూసేది నేనే కదా. చివరి అక్షరం దగ్గర గీత వణికింది. బాగుందన్నాను. నలభై ఏళ్లలో ఆయనకు చెప్పిన అబద్ధం అదొక్కటే,” అని ఊపిరి తీసుకుంది. “చలిట. ఎండాకాలంలో చలిట. ఎంత పిచ్చిదాన్ననుకున్నాడో.”

“అయితే ఇవాళే చెప్పేస్తానమ్మా. రేపు పొద్దున్నే సర్టిఫికెట్టు తీసుకుంటాం.”

“మీరు వద్దు. మీరు చెబితే తీర్పు చదివినట్టుంటుంది. రేపు నేనే చెబుతాను. నా నోటి నుంచి వస్తే ఆయనకు తేలిగ్గా ఉంటుంది.”

ఆ మాట సబబుగానే తోచింది. మందుల సంచితో ఆయన ఎదురుపడినప్పుడు, మెట్ల మీద, నేను ఏమీ చెప్పలేదు. ఒట్టు ఒకటి, ఇచ్చిన మాట ఒకటి, రెండూ నిలబెట్టుకున్నాను.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆయన ఫ్లాస్కుతో వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది.

నేను ఎనిమిదింటికి చేరుకున్నాను. కింది అంతస్తులో ఒక చెక్క కౌంటరు. భౌతికకాయాన్ని అప్పగించుకున్నట్టు ఫారంలో సంతకం చేయాలన్నారు. అక్కడా గళ్లు మూడే. ఆయన చేతి కింద కర్ర లేదు, చిల్లుల కాగితం లేదు. మూడు సంతకాలు మూడు తీరులుగా వచ్చాయి. రెండోది గడి దాటి కిందికి జారింది. గుమాస్తా వాటి వంక చూడనైనా చూడలేదు. కాగితం చింపి మా వంతు మాకిచ్చి, తరువాతి వారిని రమ్మన్నాడు. ఆ సంతకాలను ఎవరూ దేనితోనూ పోల్చలేదు.

ఆ వంతు కూడా నా ఫైలులోనే ఉంది.

ఆమె మాట నా దగ్గర నిలవ ఉంచుకోవడం న్యాయం కాదనిపించి, నెల తిరిగాక చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా పడేవాణ్ని. ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. గడియారాల దుకాణానికి ఎదురుగా, వీధి ఇవతల, ఎప్పుడూ ఆమె నిలబడే చోట నిలబడ్డాడు. నలభై ఏళ్లు నిచ్చెన మీదే ఉన్నవాడు, అక్కడ నిలబడి తన బోర్డును పరీక్షగా చూడడం అదే మొదలు. చాలాసేపు చూశాడు. నేను వెనకాలే వెళ్లి పక్కన నిలబడ్డాను.

“నిజమే అన్నగారూ,” అన్నాడు. “చివరి అక్షరం దగ్గర వణికింది. ఇక్కడి నుంచి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది.”